హేవ్‌లాక్‌లో మొదటిసారి స్కూబా: ఏ ఆపరేటర్‌తో దిగాలి?

మీరు అడిగింది ఇదీ. సంక్రాంతి అయ్యాక విజయనగరం నుంచి ఆరుగురు అండమాన్ వెళ్తున్నారు: మీరు, అక్కా బావా, పన్నెండేళ్ల మేనకోడలు, అమ్మానాన్నలు. నాన్నగారికి 58 ఏళ్లు, బీపీకి మాత్ర వేసుకుంటారు. బావకి తప్ప ఎవరికీ ఈత రాదు. ట్రావెల్ ఏజెంట్ ఇచ్చిన ప్యాకేజీలో ‘స్కూబా ఫ్రీ’ (స్కూబా అంటే వీపున సిలిండర్ తగిలించుకుని, అందులోని గాలి పీలుస్తూ సముద్రం లోపలికి దిగడం) అని చివరి రోజు ఉదయం పెట్టారు, అదే రోజు మధ్యాహ్నం తిరుగు విమానం. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకరు తలకి 2,500 అంటున్నారు, అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవిలో ఇంకొకరు 5,500 అంటున్నారు. బావకేమో రెండు రోజుల్లో సర్టిఫికెట్ ఇచ్చేస్తామన్న వాళ్ల మీద మనసు ఉంది. ఎవరిని నమ్మాలి అన్నది మీ ప్రశ్న.

నాది కళింగపట్నం వైపు. హేవ్‌లాక్‌లో ఇన్‌స్ట్రక్టర్‌గా చేశాను, ఇప్పటికీ సీజన్‌లో వెళ్లి కొత్తవాళ్లకి నేర్పిస్తుంటాను. ఏ ఆపరేటర్ పేరూ నేను చెప్పను. ఈ ఏడాది బాగున్న చోట వచ్చే ఏడాది ఇన్‌స్ట్రక్టర్లు మారిపోతారు, పేరు మాత్రం అలాగే ఉంటుంది. ఎలా తేల్చుకోవాలో చెప్తాను.

ముందు తేలిపోయే సంగతి: ప్యాకేజీలోని ఫ్రీ స్కూబాని తీసేయించండి. చివరి రోజు ఉదయం డైవ్, మధ్యాహ్నం విమానం అనేది ఏ ఆపరేటర్ అయినా ఒప్పుకోకూడని పని. నీళ్లలో ఒత్తిడి వల్ల నత్రజని ఒంట్లో కరుగుతుంది, పైకి వచ్చాక మెల్లగా బయటికి పోతుంది. అది పోకముందే విమానం ఎక్కితే క్యాబిన్‌లో ఒత్తిడి తగ్గి ఆ వాయువు బుడగలు కట్టే ప్రమాదం ఉంది. డైవర్ల భద్రత చూసే అంతర్జాతీయ సంస్థ డాన్ సలహా ప్రకారం ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకటికి మించి చేస్తే కనీసం 18 గంటలు ఆగాలి. నేను నా దగ్గరికి వచ్చేవాళ్లకి 24 గంటలని చెప్తాను, లెక్క గుర్తుండటం తేలిక. ఈ మాట మీ ఏజెంట్‌కి తెలియకపోవచ్చు, ఆయన పని టికెట్లు, హోటళ్లు. కానీ ఆ స్లాట్ ఒప్పుకున్న డైవ్ షాపుకి తెలియకుండా ఉండదు. తెలిసీ ఒప్పుకున్నారంటే వాళ్ల గురించి ఇంకేమీ కనుక్కోనక్కర్లేదు.

ఇక మిగతా ఇద్దరిలో ఎవరు అన్నది ధర చూసి తేల్చకండి. నీళ్లలోకి దిగాక మీ పక్కన కంపెనీ ఉండదు, బోర్డు ఉండదు, ఐదు నక్షత్రాల రేటింగ్ ఉండదు. ఒక మనిషి ఉంటాడు. ఆ మనిషి ‘ఈరోజు వద్దండి’ అని మీతో అనగలగాలి. అలా అన్నందుకు అతని రోజు కూలి కోసేయని యజమాని అతనికి ఉండాలి. నా దృష్టిలో మంచి ఆపరేటర్ అంటే అదే. మిగతావన్నీ అది ఉందో లేదో కనిపెట్టడానికి మనం వేసే ప్రశ్నలు.

ఎందుకింతగా చెప్తున్నానో అర్థం కావాలంటే నీళ్లలో ఏం జరుగుతుందో కాస్త తెలియాలి. ప్రతి 10 మీటర్ల లోతుకీ, ఒడ్డున గాలి మన మీద పెట్టేంత ఒత్తిడి అదనంగా పెరుగుతుంది. 10 మీటర్ల దగ్గర మీరు పీల్చుకున్న గాలి, మీరు ఊపిరి బిగపట్టి పైకి వచ్చేస్తే, రెండింతలు అవుతుంది. ఊపిరితిత్తులకి అంత చోటు లేదు. 30 మీటర్ల నుంచి 20కి వస్తే ఆ పెరుగుదల మూడో వంతే. అంటే ఊపిరి బిగపట్టే విషయంలో తక్కువ లోతే ఎక్కువ ప్రమాదం. నాలుగైదు అడుగుల లోతులో నిండా గాలి పీల్చి, బిగపట్టి, భయంతో పైకి తన్నుకొచ్చినా ఊపిరితిత్తులకి దెబ్బ తగలొచ్చు. ‘మేం లోతుకి తీసుకెళ్లం సార్, టెన్షన్ వద్దు’ అని ఎవరైనా ధైర్యం చెప్తే, ఆ మాటలో ధైర్యపడాల్సిందేమీ లేదు. కొత్తవాళ్లని కాపాడేది లోతు తక్కువ కావడం కాదు. భయపడిన క్షణంలో చెయ్యి వదలకుండా, కళ్లలోకి చూస్తూ, ఊపిరి వదలమని చెప్పే మనిషి దగ్గరుండటం.

అందుకని ఫోన్‌లో మొదటి ప్రశ్న: ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమంది? డైవింగ్ నేర్పి సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థల నియమాలు కొత్తవాళ్లని ఒకరికంటే ఎక్కువమందిని తీసుకెళ్లడానికీ వీలిస్తాయి. కానీ ఈత రాని మనిషికి ఒకరికి ఒకరే ఉండాలి, ఇందులో బేరం లేదు. హేవ్‌లాక్‌లో మంచి షాపులు చాలావరకు అలాగే చేస్తాయి. ‘ఒకరికి ఒకరే’ అని చెప్పాక ఇంకో ప్రశ్న వేయండి: ఫొటోలు, వీడియో ఎవరు తీస్తారు? ఇది చాలామంది అడగరు. ఇన్‌స్ట్రక్టరే ఒక చేత్తో కెమెరా పట్టుకుని తీస్తాడంటే, మీకు మిగిలేది అతని రెండో చెయ్యి, సగం ధ్యాస. మీ మాస్క్‌లోకి నీళ్లు వచ్చిన సమయానికి అతను మీ వెనక చేపల గుంపు ఫ్రేమ్‌లో పడుతోందా అని చూస్తుంటాడు. ఫొటోలకి విడిగా మనిషి ఉంటే తీయించుకోండి. లేకపోతే ఫొటోలు వద్దనండి. మన ఇళ్లలో ఈ మాట ఒప్పించడం కష్టమని నాకు తెలుసు, బంధువులకి వాట్సాప్‌లో పంపాలి కదా. అయినా వద్దనండి.

రెండో ప్రశ్న: లోపలికి తీసుకెళ్లేది ఇన్‌స్ట్రక్టరా, డైవ్‌మాస్టరా? డైవ్‌మాస్టర్ అనుభవం ఉన్నవాడే, సర్టిఫికెట్ ఉన్న డైవర్లకి దారి చూపిస్తాడు. మీలాంటి మొదటిసారి వాళ్లని సముద్రంలోకి తీసుకెళ్లడానికి ఇన్‌స్ట్రక్టరే కావాలి. పేరు, ఇన్‌స్ట్రక్టర్ నంబర్ అడగండి. పాడి, ఎస్ఎస్ఐ లాంటి సంస్థల వెబ్‌సైట్‌లో ఆ నంబర్ కొడితే అతను ఇప్పుడు నేర్పించే అర్హతలో ఉన్నాడో లేదో కనిపిస్తుంది. ఏటా రెన్యూవల్ చేయించుకోవాలి కాబట్టి పాత కార్డు చూపిస్తే సరిపోదు. ఏ సంస్థ మంచిది అని చాలామంది అడుగుతారు. మీకు దానితో పనిలేదు, రెండింటి నియమాలూ ఇంచుమించు ఒకటే. ‘రేపు ఎవరు ఉంటారో పొద్దున్న తెలుస్తుంది’ అన్న జవాబు వస్తే మాత్రం, రోజుకూలీకి దొరికినవాళ్లని పిలుస్తున్నారని అర్థం.

మూడోది ప్రశ్న కాదు, పరీక్ష. ‘మా అక్కకి కొంచెం జలుబుగా ఉంది, పర్లేదా?’ అని అడగండి. జలుబు ఉంటే చెవికీ గొంతుకీ మధ్య ఉన్న సన్నటి గొట్టం మూసుకుపోతుంది, ఒత్తిడి సమం కాదు, కర్ణభేరికి దెబ్బ తగలొచ్చు. మాత్ర వేసుకుని దిగితే ఇంకో చిక్కు: లోపల ఉండగానే మాత్ర పనితనం తగ్గిపోతే పైకి వచ్చేటప్పుడు చెవిలో గాలి బయటికి పోయే దారి ఉండదు. కాబట్టి సరైన జవాబు ఒక్కటే: ‘తగ్గాక రండి, తేదీ మారుస్తాం.’ అవతలి మనిషి ‘ఒక ట్యాబ్లెట్ వేసుకుంటే చాలు మేడమ్, రోజూ చాలామంది చేస్తున్నారు’ అంటే ఫోన్ పెట్టేయండి. దీని వెంటే ఇంకోటి అడగండి: ‘దిగాక భయమేసి వెంటనే పైకి వచ్చేస్తే డబ్బులు ఏమవుతాయి?’ కొంత వెనక్కిస్తాం, లేదా మర్నాడు మళ్లీ ప్రయత్నిద్దాం అంటే మంచిదే. తిరిగి ఇవ్వం, ముందే స్పష్టంగా చెప్తున్నాం అన్నా తప్పు పట్టను. కానీ ‘మా దగ్గర ఎవరూ మధ్యలో రారండీ’ అన్నవాళ్లని నేను నమ్మను. అందరూ దిగగలరు అంటే, దిగలేనివాళ్లని కూడా తోస్తున్నారన్నమాట.

ధరల సంగతి. 2,500కీ 5,500కీ తేడా ఎక్కడికి పోతుంది? హోటల్ రిసెప్షన్, ఆటో, ఏజెంట్, ఆన్‌లైన్ బుకింగ్ అందరూ కమీషన్ తీసుకుంటారు. తక్కువ ధరలోంచి అదీ పోయాక షాపుకి మిగిలేది చాలా తక్కువ. అప్పుడు వాళ్లు పొదుపు చేసేది సమయంలోనే: నేర్పించే సమయం, లోపల ఉండే సమయం. ‘30 నిమిషాల స్కూబా’ అన్నప్పుడు అందులో సూట్ తొడగడం, ఫారం నింపడం, ఒడ్డున ప్రాక్టీసు కలిపారా అని అడగండి. నీటి అడుగున అచ్చంగా ఎంతసేపు అన్నదే లెక్క. మామూలుగా వాడే అల్యూమినియం సిలిండర్ 11 లీటర్లది, 200 బార్ (గాలి ఒత్తిడిని కొలిచే లెక్క) దాకా నింపుతారు. 50 బార్ ఎప్పుడూ మిగల్చాలి కాబట్టి వాడుకోగలిగేది 11×150, అంటే 1,650 లీటర్ల గాలి. ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీల్చేవాడికి 10 మీటర్ల దగ్గర, ఒత్తిడి రెండింతలు కాబట్టి, 40 కావాలి, 41 నిమిషాలు వస్తుంది. కొత్తవాళ్లు టెన్షన్‌లో 30 లీటర్ల లెక్కన పీలుస్తారు, అప్పుడు 27 నిమిషాలు. కాబట్టి లోపల 25, 30 నిమిషాలు అని చెప్పేవాడు నిజం చెప్తున్నాడు. గంటసేపు అన్నవాడు ఊరిస్తున్నాడు. పది నిమిషాలకే పైకి తెచ్చేవాడు అదే సిలిండర్‌తో ఇద్దరు ముగ్గురిని తిప్పుతున్నాడేమో చూసుకోవాలి.

డబ్బు ఎక్కువ తీసుకునే ప్రతివాళ్లూ మంచివాళ్లని కాదు. ఆ 5,500 వాళ్లని కూడా ఇవే ప్రశ్నలు అడగండి.

దిగే ముందు నడుము లోతు నీళ్లలో చేయించే ప్రాక్టీసు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆపరేటర్ గుణం అక్కడే బయటపడుతుంది. మంచి ఇన్‌స్ట్రక్టర్ మిమ్మల్ని ఇసుకలో మోకాళ్ల మీద కూర్చోబెడతాడు, ముఖం మాత్రమే నీళ్లలో. ముందు ఊరికే నోటితో పీల్చి వదలమంటాడు, మీ బుడగలు ఒక వరసలో నెమ్మదిగా వచ్చేదాకా ఏమీ చెప్పడు. ఆ తర్వాత నోట్లోంచి రెగ్యులేటర్ (సిలిండర్‌లోని గాలి పీల్చుకునే పరికరం) తీయించి, సన్నగా ఊపిరి వదులుతూ ఉండమని, మళ్లీ పెట్టుకుని గట్టిగా ఊది నీళ్లు బయటికి కొట్టాక పీల్చమంటాడు. తర్వాత మాస్క్‌లోకి కొంచెం నీళ్లు రానిచ్చి, పై అంచు నొక్కిపట్టి ముక్కుతో ఊదించి ఖాళీ చేయిస్తాడు. ఇక్కడే చాలామంది ఉలిక్కిపడి లేచి నిలబడతారు. నడుము లోతు కాబట్టి ఏం కాదు. మళ్లీ కూర్చోబెడతాడు, మళ్లీ చేయిస్తాడు. ఎంతసేపైనా సరే, వెనక ఇంకో కుటుంబం ఎదురుచూస్తున్నా సరే. నరసన్నపేట నుంచి వచ్చిన ఒక మాస్టారు మాస్క్ దగ్గర ఆగిపోయారు, ఆ రోజంతా రాలేదు. నేను వద్దన్నాను, మా యజమాని కూడా ఒక్క మాట అనలేదు. మర్నాడు పొద్దున్నే వచ్చి మళ్లీ మొదటినుంచి చేసి, చక్కగా దిగి, చిలక చేపల్ని చూసి వచ్చారు. ఆ ఒక్కరోజు ఆగడానికి ఒప్పుకునే షాపు మీకు కావాలి.

ఐదు నిమిషాల్లో అన్నీ అయిపోయాయి, రండి అంటే వెళ్లకండి. సైగలు చూపించి ఊరుకున్నా వెళ్లకండి. సైగల్లో ఒకటి ముఖ్యం: బొటనవేలు పైకెత్తితే నీళ్లలో ‘పైకి వెళ్దాం’ అని, ‘బాగుంది’ అని కాదు. బాగుంది అనడానికి బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. మనవాళ్లు అలవాటుకొద్దీ ఆనందంలో బొటనవేలు ఎత్తేస్తారు, ఇన్‌స్ట్రక్టర్ పైకి తీసుకొచ్చేస్తాడు, డైవ్ అయిపోయింది. సూచనలు చెప్పే భాష గురించి కూడా ఒక మాట: మీ నాన్నగారికి హిందీ, ఇంగ్లీషు ఎంత వచ్చో నాకు తెలియదు. సగం అర్థమైన సూచనలతో దిగడం మంచిది కాదు. శ్రీవిజయపురంలో (2024 దాకా పోర్ట్ బ్లెయిర్ అనేవాళ్లం) మన శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి వెళ్లి స్థిరపడినవాళ్లు చాలామంది, బోట్ల మీద, షాపుల్లో తెలుగు వచ్చినవాళ్లు దొరుకుతారు. ‘తెలుగులో చెప్పగలిగేవాళ్లు ఉన్నారా’ అని మొహమాటం లేకుండా అడగండి. ఇన్‌స్ట్రక్టర్‌కే రాకపోయినా, ఒడ్డున పక్కన నిలబడి తెలుగులో చెప్పే మనిషి ఉంటే చాలు.

పరికరాల విషయంలో మీరు నిపుణులు కానక్కర్లేదు. ఒక్క పని చేయండి. సిలిండర్, జాకెట్ తగిలించాక రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని, ప్రెషర్ గేజ్ ముఖం ముందు పట్టుకుని, నాలుగైదు సార్లు గట్టిగా పీల్చండి. ముల్లు 200 దగ్గరో కాస్త అటూ ఇటుగానో కదలకుండా నిలబడాలి. పీల్చినప్పుడల్లా ముల్లు కిందికి ఊగి మళ్లీ పైకి వస్తుంటే సిలిండర్ వాల్వ్ పూర్తిగా తెరవలేదని. ఒడ్డున గాలి వస్తున్నట్టే ఉంటుంది, లోతుకి వెళ్లాక చాలదు. అప్పుడే వాళ్లకి చూపించండి. గాలికి రుచి, వాసన ఏమీ ఉండకూడదు. నూనె వాసనో పొగ వాసనో తగిలితే ఆ సిలిండర్ వద్దు, వాళ్ల కంప్రెసర్ సరిగ్గా లేదు లేదా ఇంజిన్ పొగ లోపలికి పోతోంది. ఇన్‌స్ట్రక్టర్ ఛాతీ దగ్గర పసుపురంగు గొట్టంతో ఇంకో రెగ్యులేటర్ వేలాడుతుంటుంది, అది మీకోసం, అవసరమైతే ఇవ్వడానికి. అది ఇసుకలో ఈడుస్తూ నడిచేవాడికి జాగ్రత్త తక్కువ. వెట్‌సూట్ చిరుగులు పట్టించుకోకండి, దానితో ప్రాణానికేం కాదు.

బోటులో గానీ, ఒడ్డున వాళ్ల బల్ల దగ్గర గానీ ఎమర్జెన్సీ ఆక్సిజన్ ఉందా అని అడగండి, చూపించమనండి. మీరు పీల్చేది మామూలు గాలే. ప్రమాదం జరిగితే ఇవ్వాల్సింది స్వచ్ఛమైన ఆక్సిజన్, అది వేరే సిలిండర్, వేరే మాస్క్. పెట్టె తాళం వేసి ఉండి తాళంచెవి ఆఫీసులో ఉంటే లేనట్టే. హేవ్‌లాక్‌లో ఉన్నది చిన్న ప్రభుత్వ ఆసుపత్రి. ఒత్తిడి గది, అంటే డైవింగ్ ప్రమాదాలకి చికిత్స చేసే ఛాంబర్, శ్రీవిజయపురంలోని నౌకాదళ ఆసుపత్రి ధన్వంతరిలో ఉంది. మధ్యలో సముద్రం, ఫెర్రీలో రెండు గంటల దారి. ఆ రెండు గంటలు మనిషిని నిలబెట్టేది ఆ ఆక్సిజనే. ‘ఏదైనా అయితే మీ ప్లాన్ ఏంటి?’ అని అడిగితే గుక్క తిప్పుకోకుండా జవాబు రావాలి: ఎవరు ఆక్సిజన్ ఇస్తారు, ఎవరు ఫోన్ చేస్తారు, ఏ బోటులో తీసుకెళ్తారు. మీ ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో స్కూబా కవర్ అవుతుందో లేదో కూడా చూసుకోండి, చాలా పాలసీల్లో సాహస క్రీడలు మినహాయింపులో ఉంటాయి.

రివ్యూల మీద మాట. చాలామంది నీళ్లలోంచి వచ్చిన ఆనందంలో, జుట్టు ఆరకముందే ఐదు నక్షత్రాలు ఇచ్చేస్తారు. చేపలు బాగున్నాయి, అన్న చాలా ఫ్రెండ్లీ అని ఉంటుంది. వాళ్లకి పోల్చుకోవడానికి ఇంకో డైవ్ లేదు. నేనైతే తక్కువ నక్షత్రాలవి వెతికి చదువుతాను. ‘గాలి ఎక్కువగా ఉందని మా ట్రిప్ ఆపేశారు, మా రోజు పాడైంది’ అని ఒకరు కోపంగా రాస్తే, ఆ షాపు మీద నాకు గౌరవం పెరుగుతుంది. ‘మా అమ్మకి ఆస్తమా ఉందని దిగనివ్వలేదు’ అన్న ఫిర్యాదూ అంతే.

ఇక మీ ఇంట్లో వాళ్ల సంగతి ఒక్కొక్కరిది.

నాన్నగారు. మంచి ఆపరేటర్ ఎవరైనా ముందు మెడికల్ ఫారం నింపిస్తారు. 2020లో కొత్తగా దిద్దిన ఫారంలో, 45 దాటి బీపీ ఉన్నవాళ్లు డాక్టర్ సంతకం తెచ్చుకోవాలని స్పష్టంగా ఉంది. ఇది లాంఛనం కాదు. నీళ్లలో మునిగినప్పుడు కాళ్లలో, చేతుల్లో ఉండే రక్తం ఛాతీ వైపు చేరుతుంది, గుండె మీద భారం పెరుగుతుంది. బీపీ ఉన్నవాళ్లలో కొందరికి అప్పుడు ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఉంది. అక్కడికి వెళ్లాక డాక్టర్ కోసం వెతుక్కోవడం కంటే, ఫారం ఇప్పుడే ప్రింట్ తీసి, విజయనగరంలో ఆయన్ని ఎప్పుడూ చూసే డాక్టర్ దగ్గరికే తీసుకెళ్లండి. వాడే మాత్రల పేర్లు కూడా చూపించండి. డాక్టర్ వద్దంటే అక్కడితో ఆపేయండి. ఫారం ఇచ్చి ‘అన్నింటికీ నో అని టిక్ పెట్టేయండి సార్, లేకపోతే ఆలస్యమవుతుంది’ అని మీతో అన్న షాపులో మీరు గానీ మీ మేనకోడలు గానీ కూడా దిగొద్దు. ఒక పెద్దాయన ప్రాణం విషయంలో అలా మాట్లాడినవాళ్లు పిల్ల విషయంలో వేరేగా ఉండరు.

మేనకోడలు. పదేళ్లు నిండితే ట్రై డైవ్ (సర్టిఫికెట్ లేకుండా ఇన్‌స్ట్రక్టర్‌తో మొదటిసారి దిగి చూడటం) చేయొచ్చు, కాబట్టి వయసు సరిపోతుంది. చిన్న సైజు మాస్క్, జాకెట్, ఫిన్స్ (ఈదడానికి పాదాలకి వేసుకునే తొడుగులు) ఉన్నాయా అని ముందే అడగండి. పెద్దవాళ్ల మాస్క్ బిగించి కట్టినా పక్కనుంచి నీళ్లు వస్తూనే ఉంటాయి, పిల్ల భయపడుతుంది. పిల్లలు భయమేసినా చెప్పరు, మామయ్య ముందు చిన్నబుచ్చుకోకూడదని. తనని విడిగా అడిగించండి. మీరు కాదు, వాళ్లమ్మ అడగాలి.

బావ. రెండు రోజుల్లో సర్టిఫికెట్ మాట వద్దు. ఓపెన్ వాటర్ కోర్సు అంటే థియరీ, తక్కువ లోతు నీళ్లలో అభ్యాసం, ఆ తర్వాత సముద్రంలో నాలుగు డైవ్‌లు. మామూలుగా మూడు నుంచి నాలుగు రోజులు పడుతుంది. థియరీ ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో పూర్తి చేసుకుని వెళ్తే మూడు రోజులు కొంచెం హాయిగా సరిపోతాయి. 200 మీటర్లు ఆగకుండా ఈదాలి, పది నిమిషాలు నీటి మీద తేలాలి. బావ ఈత ఎప్పటిది? నాగావళిలో చిన్నప్పుడు నేర్చుకున్నదైతే, వెళ్లేలోపు పూల్‌లో రెండు మూడు వారాలు దమ్ము పెంచుకోమనండి. ఆ కార్డు వస్తే 18 మీటర్ల దాకా ఏ దేశంలోనైనా దిగొచ్చు. ట్రై డైవ్ అయ్యాక షాపులో ప్రింట్ తీసి ఇచ్చే రంగుల కాగితం మాత్రం జ్ఞాపకానికే, లైసెన్స్ కాదు. రోజులు చాలకపోతే అందరితోపాటు ట్రై డైవ్ చేసి, కోర్సు ఇంకోసారి చేయమని నా సలహా. కార్డు ఉన్నవాళ్లకి మన తీరంలోనూ చూడాల్సినవి ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా బారువ దగ్గర వందేళ్ల కిందట మునిగిన చిల్కా ఓడ శిథిలాలు ఇంకా నీళ్లలోనే ఉన్నాయి. కానీ మన సముద్రం వేరు. వంశధార, నాగావళి తెచ్చే ఒండ్రుతో నీళ్లు మసకగా ఉంటాయి, కెరటం బలంగా ఉంటుంది. నేర్చుకోవడానికి అండమాన్ నీళ్లే మంచివి.

మీకూ అక్కకీ ట్రై డైవ్ చాలు, ఈత రాకపోయినా పర్లేదు. లోతు 12 మీటర్లకి మించకూడదు, మంచివాళ్లు చాలాసార్లు అంతకంటే తక్కువలోనే ఆపేస్తారు. పగడాలు, చేపలు అక్కడే ఎక్కువ, వెలుతురూ అక్కడే. ఇంకా లోతుకి తీసుకెళ్తాం అని ఆశపెట్టేవాళ్లతో వద్దు. చెవుల్లో బరువు మొదలవ్వకముందే ముక్కు మూసి మెల్లగా ఊదండి, నొప్పి వచ్చాక ఊదితే తెరుచుకోదు. నొప్పి వస్తే చెవి చూపించి చెయ్యి అటూ ఇటూ ఊపండి, అతను ఒక మీటరు పైకి తీసుకొస్తాడు. పగడాన్ని ముట్టుకోవద్దు, ముక్క ఏరుకుని రావద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం, విమానాశ్రయంలో సామాను తనిఖీలో దొరికిపోతారు. ‘పర్లేదు, పట్టుకుని ఫొటో దిగండి’ అనే ఇన్‌స్ట్రక్టర్ సముద్రాన్ని ఎలా చూస్తాడో మిమ్మల్నీ అలాగే చూస్తాడు.

అమ్మగారికి ఇష్టం లేదని రాశారు. బలవంతపెట్టకండి, అక్కడి ఆపరేటర్నీ బతిమాలనివ్వకండి. లైఫ్ జాకెట్ వేసుకుని గైడ్ రింగు పట్టుకుని నీటి పైనే తేలుతూ స్నార్కెలింగ్ (ముఖం నీళ్లలో పెట్టి, గొట్టంతో గాలి పీలుస్తూ చూడటం) చేయొచ్చు. అదీ వద్దంటే అద్దాల అడుగు ఉన్న బోటు ఉంది.

ప్లాన్ ఇలా మార్చండి. హేవ్‌లాక్ చేరిన రోజు సాయంత్రం డైవ్ షాపుకి నడిచి వెళ్లండి, డబ్బు కట్టకుండా. సిలిండర్లు ఎలా పేర్చారో, సూట్లు మంచినీళ్లతో కడిగి ఆరేశారో, ఆరోజు దిగి వచ్చినవాళ్ల ముఖాలు ఎలా ఉన్నాయో చూడండి. మిమ్మల్ని తీసుకెళ్లే ఇన్‌స్ట్రక్టర్‌తో ఐదు నిమిషాలు మాట్లాడండి. అండమాన్ పర్యాటక శాఖ అనుమతి పత్రం గోడకి ఉందా చూడండి. మర్నాడు ఉదయం మొదటి స్లాట్ అడగండి, అప్పటికి గాలి తక్కువ, ఇన్‌స్ట్రక్టర్ అలిసిపోయి ఉండడు. ఆ మర్నాటిని ఖాళీగా ఉంచుకోండి, వాతావరణం బాగోక ఆపేసినా, ఎవరికైనా జలుబు చేసినా, మాస్క్ దగ్గర ఆగిపోయినా వాడుకోవడానికి. విమానం ఆ తర్వాతే. జనవరి చివర్లో రిపబ్లిక్ డే సెలవులకి జనం ఎక్కువ ఉంటారు, ఒకరికి ఒకరు ఇన్‌స్ట్రక్టర్ దొరకడం అప్పుడే కష్టం. కాబట్టి ఫోన్లు ఈ వారమే మొదలుపెట్టండి. అడ్వాన్స్ అడిగితే కొంత ఇవ్వండి, కానీ వాతావరణం, ఆరోగ్యం వల్ల ఆగిపోతే తిరిగి ఇస్తామని వాట్సాప్‌లో రాయించుకున్నాకే.